బీరువాలో ఉత్తర ధ్రువం

మా అల్లుడు ఆ జూలైలో ఉత్తర ధ్రువానికైనా వెళ్ళాలి, మా ఊరొచ్చి కూతురి బారసాలలో పీటల మీదైనా కూర్చోవాలి. రెండూ కుదరవు. ఉన్నది ఒకటే సెలవు. ఈ సంగతి పాలు తాగే పసిపిల్లతో సహా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. నాకెందుకు చెప్పలేదంటే, బారసాల నిర్ణయించింది నేను.

అప్పుడు నేను షార్జాలో, అల్ నహ్దాలో ఉన్నాను. మా అమ్మాయి పురుటికి వెళ్ళాను. పిల్ల పుట్టింటికి రావాలి గాని తల్లి విమానమెక్కి పోవడమేమిటని మా వాళ్ళు కొందరు ముక్కున వేలేసుకున్నారు. డాక్టరమ్మ ప్రయాణం వద్దంటే నేనేం చెయ్యను? శొంఠి, వాము, కాయం పొడి, ఆముదం సీసా, సాంబ్రాణి, ఇనప ధూపం గిన్నె పెట్టెలో సర్దుకుని నేనే పుట్టిల్లునై వెళ్ళాను. విమానాశ్రయంలో ఆ పొడులు చూసి ఇదేమిటని అడిగిన కుర్రాడికి తెలుగులోనే చెప్పాను, బాలింత మందని. నా మొహం చూసి పొమ్మన్నాడు.

ఆరో అంతస్తులో ఇల్లు. బయట పెనం, లోపల ఐసు పెట్టె. మే నెలలో శాలువా కప్పుకుని పడుకున్న ఆడదాన్ని మా వంశంలో నేనే. తర్వాత అల్లుడు ధ్రువంలో చలి గురించి ఎంత వర్ణించినా నాకు కొత్తగా అనిపించలేదు. అతను పెట్టుకునే ఏసీ కింద అదంతా నేను ముందే అనుభవించాను. అతను గదిలోంచి కదలగానే నేను కట్టేసేదాన్ని, వస్తూనే అతను వేసేవాడు. పెద్దా చిన్నా అని మాటా మాటా అనుకునే పని లేకుండా మా ఇద్దరి మధ్యా ఆ మీటే మాట్లాడేది.

అతని ఆఫీసు పక్కనే, అల్ కుసైస్‌లో. ఎడారిలో చమురు బావులు తవ్వుతుంటే పైకొచ్చే రాతి నలుసుల్ని డబ్బీల్లో పోసి వీళ్ళకి పంపుతారు. వాటిని అద్దం కింద పెట్టి ఏ కాలపు రాయో చెప్పడం ఇతని పని. “రాళ్ళేరుకునేవాడికా పిల్లనిచ్చారు?” అని పెళ్ళి పందిట్లోనే మా ఆడపడుచు నలుగురూ వినేలా అంది. అందుకే బారసాల ఊళ్ళో ఘనంగా చెయ్యాలని పట్టుబట్టాను. జూలైలో నేను వెనక్కి వచ్చేటప్పుడే తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని రావడం, అల్లుణ్ణి కొత్త బట్టల్లో పీటల మీద కూర్చోబెట్టడం, మా ఆడపడుచు చేత అతనికి నేతి గిన్నె పట్టించడం. వంటవాళ్ళతో మాట్లాడే పని మావారికి అప్పగించాను. మూడో తరగతితో బడి మానేసినదాన్నే గాని ఇలాంటి ఏర్పాట్లకి చదువుతో పని లేదు.

పసిదాని బట్టలకి చోటు చేద్దామని ఒకరోజు వాళ్ళ బీరువా సర్దుతున్నాను. నగల పెట్టె వెనక ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో మెత్తటి పొత్తిగుడ్డ, గుడ్డలో జానెడు పొడుగున్న కర్ర ముక్క. టీ డికాక్షన్ రంగు, చేత్తో పట్టుకుంటే బరువే లేదు, ఒక కొస పొరలు పొరలుగా విచ్చుకుంది. నగలకైనా మా అమ్మాయి అంత గుడ్డ చుట్టలేదు.

నాకు చప్పున ఊదు గుర్తొచ్చింది. ఆ దేశంలో కర్రని బంగారంలా తూచి అమ్ముతారని వచ్చిన వారంలోనే తెలుసుకున్నాను. నిప్పుల మీద ఆ ముక్కలు వేసి పొగని బట్టలకి పట్టించుకుంటారు. తెల్లటి నిలువుటంగీ వేసుకున్న పెద్దమనిషి లిఫ్టు దిగి వెళ్ళిపోయినా ఆయన వాసన మనతోపాటు ఆరో అంతస్తు దాకా వస్తుంది. సరే, వాళ్ళకి చమురుంది, కాల్చుకుంటారు. మా అల్లుడికేం వచ్చింది? ఇంట్లో చెప్పకుండా ఊదు కొని దాచుకునేటంతటి వాడయ్యాడా అని నాకు ఒళ్ళు మండింది.

పక్కింటమ్మాయిని పిలిచాను. నెల్లూరు వాళ్ళు, తురకలు. వాళ్ళాయన బజారులో అత్తరు దుకాణంలో పనిచేస్తాడు కాబట్టి ఆ అమ్మాయికి ఈ విద్య తెలుసు. కర్రని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏంది పెద్దమ్మా ఇంత తేలిగ్గా ఉండాది? మంచి ఊదైతే బరువుంటాది. ఇది ఎండి చచ్చినట్టుండాది.”

“ఊదు అవునో కాదో చెప్పు, చాలు.”

“ఒక్క పొట్టు కాల్చి చూస్తే ఖలాస్, తేలిపోతాది. అన్నని అడగొద్దా?”

“బీరువా సర్దేది ఎవరు?”

“మీరు.”

“మరి కాల్చు.”

అప్పుడే పిల్లకి నీళ్ళు పోశాం. సాంబ్రాణి వేసిన గిన్నెలో నిప్పులింకా ఉన్నాయి. గదిలో పొగ వేస్తే పైకప్పుకి బిగించిన పొగ పసిగట్టే పెట్టె కూత పెట్టి వీధంతా పోగేస్తుంది, కాబట్టి ఆ కార్యక్రమం రోజూ బాల్కనీలోనే. కూరల కత్తితో గోరంత పొట్టు తీసి నిప్పుల మీద వేసింది. ఊదైతే నూనె బుడగలు రావాలట, మెల్లగా పొగ లేవాలట. అదేం లేదు. చటుక్కున అంటుకుని పసుపుపచ్చటి మంటతో మండింది. తడిసిన గోనెసంచీని ఎండలో వేస్తే వచ్చే వాసన, దాని వెనక ఎక్కడో కాస్త గుగ్గిలం.

“ఊదు కాదు, పాడు కాదు. పొయ్యిలో పెట్టే కట్టె” అని తీర్పు చెప్పింది.

అదే సమయానికి అల్లుడు భోజనానికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, కత్తిని చూశాడు, కర్రని చూశాడు. బూట్లతోనే హాలు దాటుకుని వచ్చి బాల్కనీ గడపలో కూలబడ్డాడు. బాలింత తిరిగే ఇంట్లో బూట్లేమిటని అడగబోయి, అతని రంగు చూసి ఆగాను.

“ఎంత కాల్చారు అత్తయ్యగారూ?”

“గోరంత. మీ ఊదు ఊదు కాదు లెండి, ఎవరో బాగా ముంచారు.”

అతను నా మాట వినలేదు. గిన్నె దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ముక్కు నిప్పుల మీద పెట్టి వాసన పీల్చాడు. దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వాడు.

“మండింది! మండుతుందని విన్నాను గాని నాకెప్పుడూ చెయ్యి రాలేదు. మంట ఎలా వచ్చింది? రంగేమిటి?”

పిచ్చి ముదిరిందనుకున్నాను. నెల్లూరమ్మాయి నా చెవి దగ్గర “అన్నకి ఎండ దెబ్బ తగిలినట్టుండాది” అంది.

అప్పుడు చెప్పాడు. అది ఉత్తర ధ్రువం దగ్గర ఒక దీవిలో దొరికిన చెట్టుముక్కట. అతను కెనడాలో చదువుకునే రోజుల్లో వాళ్ళ పంతులుగారు ఇచ్చారట. ఆ చెట్టు బతికింది కొన్ని కోట్ల ఏళ్ళ కిందటట.

“ధ్రువంలో చెట్లా? అక్కడ మంచు తప్ప ఏమీ ఉండదని మూడో తరగతిలో చెప్పారు నాకు. అంతవరకూ నేను చదివాను.”

“ఇప్పుడు ఉండదండీ. అప్పుడు మంచు లేదు, వెచ్చగా ఉండేది. పెద్ద పెద్ద చెట్లు, చిత్తడి నేల, తాబేళ్ళు, మొసళ్ళు కూడా ఉండేవి.”

నేను నమ్మలేదని అతనికి తెలిసిపోయింది. నేను మడతపెట్టిన పిల్ల గుడ్డల దొంతర తెచ్చి ముందు పెట్టుకున్నాడు. ఒక గుడ్డ కింద పరిచి ఇదొక అడవన్నాడు. నదికి వరదొచ్చి ఇసుక కప్పేసిందని దాని మీద ఇంకో గుడ్డ వేశాడు. ఆ ఇసుక మీద మళ్ళీ అడవి మొలిచిందని మూడోది, దాని మీద మళ్ళీ వరద. మొదళ్ళు నిలబడ్డవి నిలబడ్డట్టే ఉన్నాయట, రాలిన ఆకులు పొరలుగా చేతికొస్తాయట.

“అడవులు ఎన్నైనా వెయ్యండి గాని ఆ గుడ్డలు మళ్ళీ మీరే మడతపెట్టాలి. అన్ని కోట్ల ఏళ్ళయితే రాయి అయిపోదూ?”

ఆ మాటకి అతని మొహం పీటల మీద పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. “మామూలుగా రాయే అవుతుంది అత్తయ్యగారూ! నీళ్ళలో ఉన్న ఖనిజాలు చెట్టులోకి దిగి, కలప పోయి రాయి మిగులుతుంది. ఇక్కడ అలా జరగలేదు. గాలి తగలకుండా ఇసుక కప్పేసింది, తర్వాత చలి వచ్చి పడింది. కుళ్ళలేదు, రాయీ అవలేదు. ఎండిపోయి అలా ఉండిపోయింది.”

“వంకాయ ఒరుగులా.”

“అచ్చం ఒరుగే.”

ఒరుగన్నాక నాకు కాస్త నమ్మకం కుదిరింది. ఇంతలో నెల్లూరమ్మాయి నోరు జారింది.

“ఇట్లాంటివి తవ్వేదానికేనా అన్నా మీరు జూలైలో పొయ్యేది?”

మా అమ్మాయి పిల్లకి పాలివ్వడం ఆపి గదిలోంచి కేకేసింది. “మీ ఇంట్లో పాలు పొంగుతున్నాయేమో చూసుకో పో!”

“నేను పొయ్యి మీద ఏం పెట్టలేదక్కా.”

“పెట్టు పో!”

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. జూలై ఏమిటని నేనడిగాను. అల్లుడు గుడ్డలు మడతపెట్టడంలో మునిగిపోయాడు. చివరికి మా అమ్మాయే చెప్పింది. ఆ పంతులుగారు మళ్ళీ ఆ దీవికి వెళ్తున్నారు, ఇతన్ని రమ్మన్నారు. ఖర్చంతా వాళ్ళదే. ముసలాయన, మళ్ళీ వెళ్ళేది లేదన్నాడట. ఇతను తన ముదీర్‌ని, అంటే ఆఫీసులో పై అధికారిని, అదనంగా సెలవడిగాడు. ఆ ఈజిప్టు ఆయన పగలబడి నవ్వి, “నీకున్న సెలవులో మంచు మీద పడుకో, అత్తారింట్లో పడుకో, నీ ఇష్టం. రెండో సెలవు మాట ఎత్తకు” అన్నాడట.

“మరి?” అన్నాను.

“మరేముంది? బారసాలకే వస్తారు. ఆ మాట ఎప్పుడో అయిపోయిందిగా” అంది మా అమ్మాయి. పెదవి బిగించి చెప్పింది.

“ఇప్పుడక్కడ మొసళ్ళున్నాయా?”

“లేవండీ” అన్నాడు అల్లుడు. “ఎలుగుబంట్లు. తుపాకీ ఉంటుంది.”

“మీ చేతిలో దోమల బ్యాటు తప్ప ఇంకోటి నేను చూడలేదు. అదీ దోమకి తగల్లేదు.”

ఆ పూట మాట అక్కడితో ఆగింది.

తర్వాత నేను ఎదురుచూశాను, వాళ్ళెవరైనా అడుగుతారేమోనని. అత్తయ్యగారూ, బారసాల ఇంకోలా చేద్దామా అని ఒక్క మాట. అడగని వాళ్ళకి పిలిచి ఇవ్వడం నా పద్ధతి కాదు. వాళ్ళేమో, నేనే మాటెత్తుతానేమోనని చూస్తున్నారు. ఇంట్లో మూడు మూతులు బిగుసుకున్నాయి, పిల్ల ఒక్కతే గొంతు తెరుచుకుని ఏడ్చేది. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, ఏం వడ్డిస్తే అది తిని లేచిపోయేవాడు. కావాలని ఒకరోజు పప్పులో ఉప్పు వెయ్యలేదు. మారుమాట లేకుండా తిన్నాడు. ఉప్పు లేదని అత్తగారి వంటకి వంక పెట్టని అల్లుడికి లోపల జ్వరమైనా ఉండాలి, దిగులైనా ఉండాలి. చెయ్యి పట్టి చూశాను, జ్వరం లేదు.

నెల్లూరమ్మాయితో అన్నాను. “ఇంత చదువుకున్న మనిషి, నోరు తెరిచి నన్నొక మాట అడగొచ్చు కదే?”

“ఆఫీసు ముదీర్ సెలవిచ్చేసినాడు పెద్దమ్మా. పై ముదీర్‌ని అడిగేదానికే భయం.”

“పైన ఇంకొకడున్నాడా?”

“మీరే కదా ఈ ఇంటికి ముదీర్. ఏసీ కట్టేసి పోతా ఉంటే నాకే భయం, నా ఇంట్లో ఏసీ కూడా కట్టేస్తారేమోనని.”

దాన్ని తిట్టి పంపాను. కాని ఆ మాట కొంచెం నచ్చిందనే చెప్పాలి.

చెట్ల గురించి మాత్రం నాకు అనుమానాలు పుట్టుకొచ్చేవి. భోజనాల దగ్గర గోడతో అన్నట్టుగా అడిగేదాన్ని, గోడకి చెప్పినట్టుగా అతను జవాబిచ్చేవాడు.

“ధ్రువంలో నెలల తరబడి రాత్రే అంటారు. వెచ్చగా ఉంటే ఉంది, వెలుతురు లేకుండా చెట్టు ఎలా బతికింది?”

“చీకటి కాలం రాగానే ఆకులన్నీ రాల్చేసేవండీ. సూది ఆకుల చెట్టే, అయినా రాల్చేది. వెలుతురొచ్చాక మళ్ళీ చిగురు. కాండంలో గీతలు చూస్తే తెలుస్తుంది, పెరిగిన కాలం ఒక గీత, ఆగిన కాలం ఒక గీత.”

నేను అన్నం కలపడం ఆపాను. వెలుతురు లేనప్పుడు ఆకులకి తిండి పెట్టడం దండగని ఆ చెట్టుకి తెలిసిందన్నమాట. ఈ ఇంట్లో మనిషి లేని గదిలో దీపం వెలుగుతుంది, ఏసీ తిరుగుతుంది. వీళ్ళిద్దరూ డిగ్రీల మీద డిగ్రీలు చదివారు. ఆ చెట్టు నా దగ్గర పెరిగినట్టుంది. దేవుడు మనుషుల్ని చేసేనాటికి చెట్లకిచ్చిన బుద్ధి అయిపోయుంటుంది. ఆ మాట పైకే అన్నాను. అల్లుడు నవ్వలేదు.

ఒక శుక్రవారం పిల్లకి నీళ్ళు పోసి, నిప్పులు రాజేసి బాల్కనీలో కూర్చున్నాను. అల్లుడు బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. మూత తీసి, గుడ్డ విప్పి, ఆ కర్రని నా ముందు పెట్టాడు.

“సాంబ్రాణికి వాడుకోండి అత్తయ్యగారూ.”

“దీన్నా?”

“ఎలాగూ మండుతుంది కదా. బీరువాలో ఉంటే రోజూ చూడాలనిపిస్తుంది. పంతులుగారికి రానని ఈ సాయంత్రం రాసేస్తాను.” గొంతులో ఏమీ లేకుండా చెప్పి నిలబడ్డాడు. కోపంతో అని ఉంటే నేనూ నాలుగు అని ఉందును. కోపం లేదు. మజ్జిగ కావాలా వద్దా అన్నప్పుడు వద్దన్నట్టు చెప్పాడు.

కర్ర చేతిలోకి తీసుకున్నాను. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. పిల్ల నా కాళ్ళ మీద పడుకుని పొగ కోసం చూస్తోంది. నేను సబ్బు అరిగిపోతే ఆ పలుచటి ముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడేదాన్ని. పెరుగు గిన్నె కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసేదాన్ని. వరదలొచ్చి, ఇసుక మేటలు వేసి, మంచు కప్పి, ఇంత జరిగినా ఖర్చు కాకుండా మిగిలిన వస్తువు ఇది. పిడికెడు పొగ కోసం నా చేతులతో నేను ఖర్చు పెట్టడమా? పోయి పోయి ఆ పాపం నా ఖాతాలోనే పడాలా?

“పాపకి పేరు పెట్టడానికి ఏం కావాలి?” అని అడిగాను.

అతనికి అర్థం కాలేదు. “బియ్యం... పళ్ళెం... ఉంగరం.”

“తండ్రి కావాలి. మీరిక్కడున్నారుగా. బియ్యం ఉన్నాయి, పళ్ళెం ఉంది. వచ్చే శుక్రవారం ఇక్కడే కానిచ్చేద్దాం. జూలైలో మీరు మీ దోవన పొండి, తల్లినీ పిల్లనీ నేను తీసుకుపోతాను. పంతులుగారికి వస్తున్నానని రాయండి. ఈ కర్ర తీసుకెళ్ళి నగల పక్కన పెట్టండి, వెనక కాదు.”

“కాని ఊళ్ళో భోజనాలు... మామయ్యగారు...”

“ఆ సంగతి పై ముదీర్ చూసుకుంటుంది.”

కళ్ళనీళ్ళ పర్యంతమై కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. పిల్ల మీద పడతారు జాగ్రత్త అని కసిరాను. లోపల్నించి మా అమ్మాయి పెద్దగా ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. తలుపు చాటున ఎప్పటినుంచి నిలబడి ఉందో.

ఫోను కార్డు గీకి మావారికి చేశాను.

“భోజనాలు మానేశాం. వంటవాళ్ళకి చెప్పెయ్యండి.”

“మానెయ్యడమేమిటే? ఊరందరికీ చెప్పాను! అల్లుడుగారు రారా?”

“రారు. ధ్రువానికి వెళ్తున్నారు.”

“ధ్రువమా? అక్కడ ఏముంది?”

“కట్టెలు.”

“కట్టెలా! అవేవో ఇక్కడే దొరకవూ?”

“దొరికితే మీరే ఏరి పెట్టండి.” ఆయన ఇంకా ఏదో అనబోతుంటే పెట్టేశాను, కార్డులో ఇంకో ఫోనుకి మిగలాలని. ఆడపడుచుని తల్చుకుంటే మాత్రం గుండెలో కలుక్కుమంది. ఆవిడ చేత నేతి గిన్నె పట్టించే యోగం పోయింది. నెయ్యి మిగిలిందని సరిపెట్టుకున్నాను.

శుక్రవారం బారసాల అయింది. కుర్చీలు జరిపి దుప్పటి పరిచాం. ఉయ్యాలకి మా అమ్మాయి చీర, కట్టడానికి దూలం లేకపోతే అల్లుడూ నెల్లూరమ్మాయి మొగుడూ చెరో కొసా పట్టుకుని ఊపారు. నెల్లూరమ్మాయి సేమ్యా పాయసం చేసుకొచ్చింది, చక్కెర ఎక్కువైంది, అయినా అందరం రెండోసారి పోయించుకున్నాం. ఆస్పత్రి కాగితాల్లో రాసిన పేరు దేవుడి దాకా వెళ్ళదు కాబట్టి, అల్లుడు ఉంగరం పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద అసలు పేరు రాశాడు. పిల్ల చెవిలో చెప్పాడు. అది ఆవులించింది.

మావారు ఊళ్ళో ఫోను దగ్గరే కూర్చున్నారు, మనవరాలి పేరు వినాలని. చేసి, అల్లుడి చేతికిచ్చాను. “కార్డులో ఎక్కువ లేదు, త్వరగా పేరు చెప్పెయ్యండి” అన్నాను. పాపం ఆ పెద్దమనిషి మర్యాద కోసం, “ఏం బాబూ, ధ్రువంలో నిజంగా చెట్లుంటాయా?” అని అడిగినట్టున్నారు. ఇతను నిటారుగా కూర్చున్నాడు. మొదటి అడవి వేశాడు, దాని మీద వరద తెచ్చాడు, ఇసుక కప్పాడు, రెండో అడవి మొలిపించాడు. పేరు, పేరు అని నేను చేత్తో సైగ చేస్తూనే ఉన్నాను. మూడో అడవి మీదికి నది వచ్చేసరికి ఫోను కుయ్యిమంది, కార్డు ఖలాస్. ఆయనకి మనవరాలి పేరు అందలేదు. ధ్రువం మాత్రం మొత్తం అందింది.